అప్‌డేట్: మా లూథరన్ చర్చి జర్మన్లదా, అమెరికన్లదా?

నెల్లూరు, ఒంగోలు వైపు క్రైస్తవులు ఎక్కువగా బాప్టిస్టులైతే, సూళ్లూరుపేట వైపు మేం లూథరన్లం (మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంట్ శాఖ) ఎలా అయ్యామని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. జర్మన్లని కొందరు, అమెరికన్లని కొందరు చెప్పారు. ఇద్దరూ కరెక్టే.

జర్మనీలోని హెర్మాన్స్‌బుర్గ్ మిషన్ తరఫున మైలియస్ దొర 1865లో సూళ్లూరుపేటలో పని మొదలుపెట్టారు. తర్వాత నాయుడుపేట, గూడూరు వైపు విస్తరించింది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్లు శత్రుదేశస్థులైపోయారు, బ్రిటిష్ వాళ్లు ఉండనివ్వలేదు. అప్పుడు అమెరికాలోని ఒహాయో సినడ్ (అక్కడి లూథరన్ చర్చిల సంఘం) బాధ్యత తీసుకుంది. ఇప్పుడు మాది దక్షిణాంధ్ర లూథరన్ సంఘం, కేంద్రం తిరుపతి. గుంటూరు వైపు ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) వేరే, చాలామంది కలిపేస్తారు!

పాస్టరుగారు పాత బాప్తిస్మ రిజిస్టరు చూపించారు. మా ముత్తాత పేరుంది, ఇంటిపేరు మాత్రం లేదు. సూళ్లూరుపేట పాత ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి.