యిట్రియం కింద లాంథనమా, లుటీషియమా?

కావలి ఉపాధ్యాయిని:
మా బడి గోడ మీద ఆవర్తన పట్టిక రాయిస్తుంటే మూడో గ్రూపు దగ్గర పని ఆగిపోయింది. స్కాండియం, యిట్రియం వరకు పేచీ లేదు. వాటి కింద మా పాత చార్టులో లాంథనం (పరమాణు సంఖ్య 57), ఆక్టీనియం (89) ఉండగా, తోటి ఉపాధ్యాయుడు తెచ్చిన కొత్త చార్టులో లుటీషియం (71), లారెన్షియం (103) ఉన్నాయి. ఏది సరైనదో కారణంతో సహా చెప్పగలరు.

ఒంగోలు విశ్రాంత అధ్యాపకుడు:
పాత చార్టునే అనుసరించండమ్మా. లాంథనం పరమాణువులో ఎఫ్ ఉపకక్ష్యలో ఎలక్ట్రాన్ ఒక్కటి కూడా లేనప్పుడు దానిని ఎఫ్ బ్లాకులోకి, అంటే పట్టిక కింద విడిగా వేసే పట్టీలలోకి, నెట్టడం న్యాయం కాదు. పైగా కాల్షియం, స్ట్రాన్షియం, బేరియంలలో కిందికి వెళ్లేకొద్దీ అయాను (ఎలక్ట్రాన్లు కోల్పోయిన పరమాణువు) వ్యాసార్థం పెరుగుతుంది, స్కాండియం 74.5, యిట్రియం 90, లాంథనం 103.2 పికోమీటర్లు అదే దారిలో నడుస్తున్నాయి. లుటీషియాన్ని పెడితే 86.1కి తగ్గిపోతుంది.

నెల్లూరు రసాయనశాస్త్ర అధ్యాపకుడు:
పెద్దలు మన్నించాలి. థోరియం పరమాణువులో కూడా భూస్థితిలో, అంటే అతి తక్కువ శక్తి ఉన్న స్థితిలో, ఎఫ్ ఎలక్ట్రాన్ లేదు, అయినా దానిని ఎఫ్ బ్లాకు నుంచి తీసేయమని ఎవరూ అడగరు. పరిమాణం విషయంలో ఎడమవైపు బేరియాన్ని కాక, డీ బ్లాకులోనే (పట్టిక మధ్యలోని పది గ్రూపులలోనే) పక్కనున్న నాలుగో గ్రూపును చూడాలి: జిర్కోనియం అయాను 72 పికోమీటర్లయితే దాని కిందనున్న హాఫ్నియంది 71, అక్కడా పెరుగుదల లేదు. పాత నెల్లూరు జిల్లా అభ్రకపు గనుల్లో దొరికిన సమార్‌స్కైట్ వంటి ఖనిజాలలో యిట్రియం బరువైన లాంథనైడ్లతో (లుటీషియం, దాని ముందున్న మూలకాలతో) కలిసి ఉండటానికి కారణం వాటి అయాన్ల పరిమాణాల దగ్గరతనమే.

అన్నిటికన్నా నాకు బలంగా తోచేది వేరొకటి. పట్టికను విరవకుండా 32 నిలువు వరుసలుగా, పరమాణు సంఖ్యల క్రమంలో గీసి చూడండి. లాంథనాన్ని యిట్రియం కింద ఉంచితే దాని తరువాత 58 నుంచి 71 వరకు 14 మూలకాలు అడ్డుపడి, ఆ తరువాతే హాఫ్నియం వస్తుంది; డీ బ్లాకు ఒక వరుసగా, తొమ్మిది వరుసలుగా చీలిపోతుంది. లుటీషియాన్ని ఉంచితే పది వరుసలూ కలిసే ఉంటాయి.

ఒంగోలు విశ్రాంత అధ్యాపకుడు:
32 వరుసల మాట ఒప్పుకుంటున్నాను, నేను ఎప్పుడూ అలా గీసి చూడలేదు. కానీ లారెన్షియం చివరి ఎలక్ట్రాన్ 6డీ ఉపకక్ష్యలో కాక 7పీ ఉపకక్ష్యలో ఉందని అంటారు కదా, దానిని డీ బ్లాకులో ఎలా ఉంచుతారు?

నెల్లూరు రసాయనశాస్త్ర అధ్యాపకుడు:
అందుకే ఒక్కొక్క పరమాణువు ఎలక్ట్రాన్ విన్యాసాన్ని పట్టుకుని గ్రూపును తేల్చకూడదంటున్నాను. 2021లో ఐయూపాక్ (రసాయనశాస్త్ర అంతర్జాతీయ సమాఖ్య) సంఘం ఇచ్చిన తాత్కాలిక నివేదిక కూడా దీనిని తేల్చే నిర్వివాదమైన కొలమానం లేదని చెబుతూనే, లుటీషియం, లారెన్షియం ఉన్న రూపాన్ని సూచించింది.

కావలి ఉపాధ్యాయిని:
ఇద్దరికీ కృతజ్ఞతలు. గోడ 32 గడులకు చాలదు కనుక మూడో గ్రూపులో లుటీషియం, లారెన్షియం రాయించి, కింది రెండు పట్టీలలో 57 నుంచి 70, 89 నుంచి 102 వరకు 14 చొప్పున గడులు వేయిస్తాను. పాత చార్టును పక్కనే తగిలించి, తేడా ఎక్కడుందో పిల్లలనే వెతకమంటాను.