ప్లాస్టిక్ బంపర్‌కి ఇంట్లో రంగు వేసుకోవచ్చా, పెయింటింగ్ షెడ్డుకే ఇవ్వాలా?

రాయగడ, రైల్వే కాలనీ:

అందరికీ నమస్కారం. నిరుడు పార్వతీపురం వెళ్లి వస్తుంటే మా కారు ముందు బంపర్ ఒక గోడ మూలకి గీసుకుపోయింది. ఒక షెడ్డులో ఇచ్చి రంగు వేయించాను. ఏడాది తిరక్కుండానే మొన్న ఆదివారం గొట్టంతో నీళ్లు కొట్టి కడుగుతుంటే అంచు దగ్గర రంగు పొర లేచింది. గోరుతో పట్టి మెల్లగా లాగితే పాల మీద మీగడ వచ్చినట్టు అరచేయంత ముక్క ఊడి చేతిలోకొచ్చింది. కింద నల్లటి ప్లాస్టిక్ అద్దంలా నున్నగా ఉంది. చాలా బాధేసింది, డబ్బు కోసం మాత్రమే కాదు.

మళ్లీ డబ్బు పెట్టే బదులు స్ప్రే డబ్బాలు తెచ్చి మనమే వేసుకుందామని పక్కింటి తమ్ముడు అంటున్నాడు. మా బావమరిది మాత్రం బంపర్ జోలికి వెళ్లొద్దంటున్నాడు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జయపురం పెయింటర్:

అన్నా, మీ బావమరిది మాటే సరైనది. నేను 18 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. రేకు వేరు, ప్లాస్టిక్ వేరు. బంపర్ దెబ్బ తగిలితే వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది, దాంతో పాటు రంగూ వంగాలి. అందుకే మేం రంగు మీద వేసే క్లియర్‌లో (మెరిసే పారదర్శక పొర) ఫ్లెక్స్ అనే, పొరని వంగేలా చేసే మందు కలుపుతాం. డబ్బాలో దొరికే మామూలు క్లియర్‌కి పొరని గట్టిపరిచే హార్డ్‌నర్ ఉండదు, పెట్రోల్ గుడ్డతో తుడిస్తే మెత్తబడిపోతుంది. సిల్వర్, గ్రే లాంటి మెటాలిక్ రంగులైతే డబ్బాతో చారలు లేకుండా వేయడం చాలా కష్టం. ఇంట్లో వేసి పాడైన బంపర్లు నా దగ్గరికి వస్తుంటాయి. పాత రంగంతా తీసి మొదలుపెట్టాలి కాబట్టి పని రెండింతలవుతుంది, కస్టమర్‌కి ఖర్చూ అంతే.

గుణుపురం మాస్టారు:

పెయింటర్ గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ రాయగడ వారి బంపర్ రంగు ఊడింది షెడ్డులో వేసిన తర్వాతే కదా! ఎవరు వేశారన్నది కాదు, రంగు కింద ఏం చేశారన్నదే ముఖ్యమని నా అభిప్రాయం.

నేను మూడేళ్ల కిందట సైడ్ అద్దాల కవర్లు ఇంట్లోనే వేశాను. ఇప్పటికీ చెక్కు చెదరలేదు. ముందుగా రంగు వేయాల్సిన భాగాన్ని విప్పి దాని వెనక వైపు చూడండి, ఏ ప్లాస్టిక్కో అచ్చు గుర్తు ఉంటుంది. అద్దం కవర్లు, గ్రిల్లులు ఎక్కువగా ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్. దానికి ప్లాస్టిక్ ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) బాగానే పట్టుకుంటుంది. బంపర్లు చాలావరకు పీపీ అనే ప్లాస్టిక్, ఈపీడీఎం అనే రబ్బరు కలిసినవి. అది మైనం లాంటి స్వభావం ఉన్న ప్లాస్టిక్, నేరుగా వేస్తే ఏ రంగూ దానికి సరిగా అంటుకోదు. ఫ్యాక్టరీల్లో మంట చూపించో మరో పద్ధతిలోనో దాని పైపొర మార్చి ఆ తర్వాతే రంగు వేస్తారు. మనకైతే రంగు అంటుకునేలా చేసే అడ్హీషన్ ప్రమోటర్ అనే పల్చటి మందు ఉంది. దాన్ని పల్చగా కొట్టి, డబ్బా మీద రాసిన సమయం లోపలే ప్రైమర్ వేసేయాలి.

ఇంకో మాట. ముందు సబ్బు నీళ్లతో కడగాలి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, ఆ తర్వాతే ఎమ్రీ పేపర్ పట్టాలి. చాలామంది ముందే రుద్దేస్తారు. అలా చేస్తే టైరు పాలిష్‌లో ఉండే సిలికాన్ గీతల్లోకి దిగిపోయి, రంగు వేశాక చేప కళ్లలా గుంటలు తేలతాయి. గుర్తు కనపడకపోతే అడుగు నుంచి చిన్న పెచ్చు కోసి నీళ్లలో వేసి చూడండి. తేలితే పీపీ, మునిగితే ఏబీఎస్.

జయపురం పెయింటర్:

మాస్టారూ, మిగతావన్నీ బాగా చెప్పారు గానీ ఆ నీళ్ల పరీక్ష బంపర్‌కి నమ్మొద్దు. ఉత్త పీపీ అయితే తేలుతుంది. బంపర్ గుర్తులో టీడీ20 అని ఉంటే అందులో 20 శాతం టాల్క్ పొడి కలిపారని అర్థం. ఆ బరువుకి అది కూడా మునగొచ్చు. మునిగింది కదా అని ఏబీఎస్ అనుకుని ప్రమోటర్ మానేస్తే మళ్లీ ఇదే కథ. గుర్తు చదవడం ఒక్కటే దారి.

రాయగడ అన్నా, ఊడిన ముక్క ఉందా? దాని వెనక వైపు ఏ రంగు?

పర్లాకిమిడి:

అందరూ రంగు గురించే మాట్లాడుతున్నారు, ఊపిరి గురించి ఒక్కరూ అనలేదు. మా చిన్నాన్న జీవితమంతా రంగు కొట్టే స్ప్రే గన్ పట్టుకున్నారు, ముక్కుకి చేతిరుమాలు మాత్రమే కట్టుకునేవారు. ఇప్పుడు ఆ వాసన తగిలితే చాలు, ఆయాసం వచ్చి కూలబడిపోతారు. హార్డ్‌నర్ కలిపే క్లియర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఒంటికి ఒకసారి అది పడకుండా పోయిందంటే, ఆ తర్వాత కొంచెం పీల్చినా ఉబ్బసం తిరగబడుతుంది. కరోనా నాటి ఎన్95 మాస్కు ధూళిని ఆపుతుంది గానీ ఆవిరిని ఆపదు. అడుగున మీట నొక్కి లోపల హార్డ్‌నర్ కలుపుకునే స్ప్రే డబ్బాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. దయచేసి వాటిని ఇంటి వరండాలో, పిల్లలు తిరిగే చోట కొట్టకండి. పెయింటర్ అన్నా, మీరు కూడా గాలి సరఫరా ఉన్న మాస్కు పెట్టుకోండి.

సిరోంచ నుంచి:

మాది గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత ఒడ్డు. మీ వైపు తేమ సమస్య, మాకు ఎండ సమస్య. మే నెలలో 45 డిగ్రీలు మాకు కొత్త కాదు. ఆ ఎండలో కొడితే రంగు తుంపర దారిలోనే ఆరిపోయి బంపర్ మీద ఇసుక చల్లినట్టు పడుతుంది. నేను చలికాలం ఉదయం మంచు ఆరిపోయాక వేస్తాను. డబ్బాలు ఎండలో నిలిపిన కారులో పెట్టకండి, 50 డిగ్రీలు దాటితే పేలే ప్రమాదం ఉంది.

గుణుపురం మాస్టారు:

నిజమే. మా దగ్గర శ్రావణంలో ఒకసారి క్లియర్ కొడితే పాలు పోసినట్టు తెల్లబడింది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు రంగు పొర చల్లబడి గాల్లోని తేమను పట్టేస్తుంది. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు.

నీళ్ల పరీక్ష గురించి పెయింటర్ గారు చెప్పింది నాకు తెలియదు, సరిదిద్దినందుకు ధన్యవాదాలు. చిన్న భాగాలు ఇంట్లో వేసుకోవచ్చన్న మాట మీద మాత్రం నేను నిలబడతాను.

రాయగడ, రైల్వే కాలనీ:

ముక్క దాచాను. వెనక వైపు బూడిద రంగులో నున్నగా ఉంది. బంపర్ లోపల టార్చి వేసి చూశాం, పీపీ, ఈపీడీఎం, టీడీ20 అనే ఉంది.

జయపురం పెయింటర్:

అంటే ప్రైమర్‌తో సహా లేచిపోయింది. ప్లాస్టిక్‌ని రుద్దలేదు, ప్రమోటరూ వేసి ఉండరు. రుద్ది ఉంటే ఆ గీతల అచ్చు ముక్క వెనక కనపడేది. ఇది మా వృత్తిలోవాళ్ల తప్పే, ఒప్పుకుంటున్నాను. షెడ్డుకి ఇచ్చేటప్పుడు "ప్రమోటర్ వేస్తున్నారా, డబ్బా చూపించండి" అని అడిగే హక్కు మీకుంది.

రాయగడ, రైల్వే కాలనీ:

అయితే కారు కింది నల్లటి అంచులు, అద్దం కవర్లు దసరా దాటాక, ఎండ పొడిగా ఉన్నప్పుడు నేనూ తమ్ముడూ మాస్టారు చెప్పినట్టే వేసుకుంటాం. హార్డ్‌నర్ డబ్బా కొనం. బంపర్ మాత్రం జయపురం తెస్తాను అన్నా. పార్కింగ్ సెన్సర్లు కూడా ఉన్నాయి, వాటి మీద రంగు మందంగా పడితే పని చేయవని విన్నాను.

జయపురం పెయింటర్:

అవును, సెన్సర్లు విప్పి పక్కన పెడతాను. డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ మీద రంగు కోడ్ ఉండొచ్చు, లేకపోతే బానెట్ కింద చూడండి, ఫోటో తీసి పంపండి. ఆ ఊడిన ముక్క పారేయకుండా తీసుకురండి. నా దగ్గర పని నేర్చుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లకి చూపించాలి.