డెక్‌కి పర్మిట్ అక్కర్లేదంటున్నాడు కాంట్రాక్టర్, నిజమేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. అమెరికాలో సొంతిల్లు తీసుకుని రెండేళ్లయింది. వెనకవైపు చెక్క డెక్ (కూర్చోడానికి వేసే ఎత్తైన చెక్క అరుగు) కట్టిద్దామని ఉంది. 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. ఇంటి గోడకి ఆనుకునే ఉంటుంది, నేల నుంచి ఎత్తు సుమారు 4 అడుగులు. మాట్లాడిన కాంట్రాక్టర్ "200 చదరపు అడుగుల లోపే కదా, పర్మిట్ దేనికి? మరీ కావాలంటే మీ పేరు మీద తీసుకోండి" అంటున్నాడు. హెచ్ఓఏ (మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఇప్పటికే సరేనన్నారు. అది చాలదా? ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, ఎండాకాలం అమ్మానాన్న వస్తున్నారు. అందుకే టెన్షన్‌గా ఉంది.

జవాబు:
చాలదండీ. హెచ్ఓఏ చూసేది రంగూ రూపమూ. పర్మిట్ ఇచ్చేది సిటీ లేదా కౌంటీ. ఆ 200 లెక్క ఇళ్ల నిర్మాణ నియమాలుండే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్‌లో ఉన్నదే, కానీ ఆయన సగమే చెప్పారు. 200 చదరపు అడుగులు మించకూడదు, ఎక్కడా నేల నుంచి 30 అంగుళాలు దాటకూడదు, ఇంటికి ఆనుకుని ఉండకూడదు, ఇంటి ముఖ్యమైన బయటి తలుపుకి దారి కాకూడదు. ఈ నాలుగూ కుదిరితేనే మినహాయింపు. మీది ఎత్తులోనూ, గోడకి ఆనడంలోనూ తప్పుతోంది. పైగా ఒక్కో ఊరు ఈ కోడ్‌ని కొంచెం మార్చుకుంటుంది, కాబట్టి మీ బిల్డింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి.

మరో జవాబు:
నా అనుభవం చెప్తాను. మేం కొన్న ఇంటికి డెక్ ముందే ఉంది, పర్మిట్ లేకుండా కట్టిందని తర్వాత తెలిసింది. ఒక మూల కొంచెం కుంగినట్టుంటే విప్పించాను. గోడకి బిగించే లెడ్జర్ బోర్డుని వట్టి మేకులతో కొట్టారు, పైన నీళ్లు దిగకుండా ఆపే ఫ్లాషింగ్ రేకు లేదు. ఏళ్ల తరబడి వాన నీళ్లు దిగి లోపలి చెక్క చేత్తో నలిపితే పొడైపోయింది. దాని మీదే మా పిల్లలు గెంతేవాళ్లు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేకులు ఊడొచ్చేస్తాయి, అందుకే బోల్టులు గానీ లాగ్ స్క్రూలు (లావుపాటి పొడవైన స్క్రూలు) గానీ వాడాలి. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేది సరిగ్గా ఇలాంటివే. ఫుటింగ్ గుంతల్ని (డెక్ స్తంభాల పునాది గుంతలు) కాంక్రీటు పోయకముందే చూస్తారు, చలి ప్రాంతమైతే నేల గడ్డకట్టే లోతు కన్నా కిందకి తవ్వారా లేదా అని. తవ్వే ముందు 811కి ఫోన్ చేయడం మర్చిపోకండి, గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టి వెళ్తారు.

పాప ఉందన్నారు కదా, రెయిలింగ్ కనీసం 36 అంగుళాల ఎత్తుండాలి, కడ్డీల సందుల్లో 4 అంగుళాల బంతి దూరకూడదు.

ఇంకో జవాబు:
పర్మిట్ మీ పేరు మీద వద్దు. తేడా వస్తే బాధ్యత మీ మెడకి చుట్టుకుంటుంది. లైసెన్స్ ఉన్నవాడైతే తనే తీయాలి, కుదరదంటే ఇంకొకర్ని చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థాంక్సండీ. ఇంటి సర్వే కాగితం వెతికి పెట్టాను, సోమవారం కౌంటీ ఆఫీసుకి వెళ్తున్నాను. అమ్మావాళ్లు వచ్చేసరికి పూర్తికాకపోయినా ఫర్వాలేదు.