అప్‌డేట్: రంభ నీటి కణాలు ఈసారి నలగలేదు

నెల కిందట అడిగాను కదా, ఒడిశాలోని చిలికా ఉప్పునీటి సరస్సులో రంభ ఊరి దగ్గర పట్టిన నీటిలోని పెంకు లేని ఆల్గే కణాలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఎండు ఉసిరికాయల్లా ముడుచుకుపోతున్నాయని. బరంపురం నుంచి అప్‌డేట్.

మొదటి తప్పు నాదే. కణాల్ని ఉన్న రూపంలోనే నిలబెట్టే రసాయనం (ఫిక్సేటివ్) గ్లూటరాల్డిహైడ్‌ని డిస్టిల్డ్ వాటర్లో కలిపేశాను. ఉప్పునీటి కణం మంచినీళ్లలో పడితే నీరు లోపలికి లాక్కుని పగిలిపోదూ? ఒక అన్నయ్య చెప్పినట్టు, అదే చిలికా నీటిని వడకట్టి 2.5 శాతం ఫిక్సేటివ్ చేశాను. గిర్రున తిప్పి కణాల్ని అడుగుకి దించే సెంట్రిఫ్యూజ్ కూడా మానేసి, కణాలు అతుక్కునేలా పాలీలైసిన్ పూసిన కవర్‌స్లిప్ (పల్చటి గాజు బిళ్ల) మీద కణాల్ని వాటంతటవే దిగనిచ్చాను. గంట పట్టింది, పట్టనీ.

తర్వాత కణాల్లోని నీటిని మెల్లగా తీసేయడానికి ఇథనాల్ 30, 50, 70, 90 శాతం, చివర 100 శాతం మూడుసార్లు. అసలు గండం ఆరబెట్టడంలోనే. ద్రవం ఆవిరయ్యేటప్పుడు దాని తలతన్యతే కణాన్ని నొక్కేస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌ని 31 డిగ్రీలు, సుమారు 73 అట్మాస్ఫియర్లు దాటిస్తే ద్రవానికీ వాయువుకీ మధ్య హద్దే ఉండదు, కాబట్టి ఆ నొక్కుడూ ఉండదు. కానీ మా దగ్గర ఆ పని చేసే క్రిటికల్ పాయింట్ డ్రయ్యర్ మూలన పడింది. అందుకే తలతన్యత తక్కువుండే హెచ్‌ఎండీఎస్ అనే ద్రవంతో, ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిర్లు బయటికి లాగే అరలో) రాత్రంతా ఆరబెట్టి, పొద్దున బంగారం పూత వేయించాను.

కణాలు గుండ్రంగా నిలిచాయి! కశాభాలు (ఈదడానికి వాడే కొరడాల్లాంటి తోకలు) మాత్రం సగం విరిగాయి. పక్కనున్న డయాటమ్‌లనే పెంకున్న ఆల్గేకి ఏం, సిలికా పెంకు, రెండుసార్లూ దర్జాగానే ఉన్నాయి. వచ్చేసారి కణపు పొరల్లోని కొవ్వుని పట్టి నిలిపే ఆస్మియం టెట్రాక్సైడ్ కూడా వాడతాను, దొరికితే.