ఛెత్రి రిటైర్మెంట్ నుంచి వెనక్కి రాకుండా ఉండాల్సిందా?

కార్నర్ జెండా (ప్రశ్న)

మా ఫుట్‌బాల్ గ్రూపులో వారం నుంచి ఒకటే రచ్చ, తెగడం లేదు. ఇక్కడ ఆట బాగా తెలిసినవాళ్లు ఉన్నారని అడుగుతున్నా.

భారత జట్టు కెప్టెన్, స్ట్రైకర్ సునీల్ ఛెత్రి 2024 జూన్ 6న కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో కువైట్‌తో ఆఖరి మ్యాచ్ ఆడాడు. 0-0. తోటి ఆటగాళ్లు రెండు వరుసల్లో నిలబడి చప్పట్లు కొడుతుంటే కళ్లు తుడుచుకుంటూ మైదానం దాటాడు. 151 మ్యాచ్‌లు, 94 గోల్స్. దేశం తరఫున కొట్టిన గోల్స్‌లో అప్పటికి ప్రపంచంలో రొనాల్డో, అలీ దాయి, మెస్సి తర్వాత పేరు అతనిదే. అంతకన్నా మంచి ముగింపు ఏ ఆటగాడికి దొరుకుతుంది?

తీరా 2025 మార్చిలో కోచ్ మనోలో మార్కెజ్ పిలిస్తే మళ్లీ జెర్సీ వేసుకున్నాడు. అప్పటికి వయసు 40. షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద తలతో 95వ గోల్ కొట్టాడు. ఆ రోజు నేనూ గంతులేశాను. ఆ తర్వాతే అసలు కథ. బంగ్లాదేశ్‌తో 0-0, హాంకాంగ్‌లో 0-1, అక్టోబర్‌లో గోవా ఫటోర్డాలో సింగపూర్ చేతిలో 1-2. దాంతో 2027 ఆసియా కప్ దారి మూసుకుపోయింది. ఇప్పుడు ఛెత్రి అని వెతికితే కోల్‌కతా వీడ్కోలు కన్నా ఈ ఓటములే ముందు కనిపిస్తున్నాయి.

నా అనుమానాలు రెండు. వెనక్కి రావడం వల్ల పేరు తగ్గిందా? రెండోది ఇంకా ఇబ్బందికరం: గ్రూపులో ఒకతను "95లో ముప్పావు వంతు చిన్న జట్ల మీద కొట్టినవే, బలరామ్, భూటియాల పక్కన ఇతన్ని కూర్చోబెట్టకండి" అన్నాడు. వాళ్లిద్దరూ మన వెనకటి తరాల మేటి ఆటగాళ్లు. గట్టిగా ఎదురు చెప్పాలనిపించింది కానీ మాట దొరకలేదు. సికింద్రాబాద్‌లో పుట్టినవాడని కాస్త పక్షపాతం కూడా ఉంది, దాచను.

---

ఆఫ్‌సైడ్ బాబాయ్

ముందు ఆ సికింద్రాబాద్ సంగతి తేల్చేద్దాం. నాన్న సైన్యంలో ఉండటం వల్ల అక్కడ పుట్టాడు, అంతవరకే. తులసీదాస్ బలరామ్ అలా కాదు. అమ్ముగూడలో పుట్టి, అక్కడే ఆట నేర్చుకుని, 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడినవాడు. రోమ్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. ఆ హంగరీ ఆ ఏడాది కాంస్యం గెలిచింది. 2023లో ఆయన పోయినప్పుడు మన పేపర్లలో ఎంత చోటిచ్చారో గుర్తుందా? మనవాడు మనవాడు అని మురిసిపోయే ముందు ఆయన్ని తలుచుకోండి.

ఇక ఛెత్రి. మంచి ఆటగాడు, క్రమశిక్షణ ఉన్నవాడు, ఒప్పుకుంటా. కానీ పెద్ద వేదిక దొరికినప్పుడు ఏం చేశాడు? 2024 జనవరిలో ఖతర్‌లో ఆసియా కప్: ఆస్ట్రేలియా 0-2, ఉజ్బెకిస్తాన్ 0-3, సిరియా 0-1. మూడు మ్యాచ్‌లు, మన ఖాతాలో గుండుసున్నా, కెప్టెన్ ఛెత్రి. రెండు నెలలకి గువాహటిలో అఫ్ఘానిస్తాన్ మీద మనమే ముందు గోల్ కొట్టి 1-2తో ఓడాం. ఆ ఒక్క గోల్ కూడా ఛెత్రి పెనాల్టీ. విదేశీ క్లబ్బులకి వెళ్లినా అమెరికాలో కాన్సాస్ సిటీలో నిలదొక్కుకోలేదు, పోర్చుగల్‌లో స్పోర్టింగ్ లిస్బన్‌లో బి జట్టు దాటలేదు. నెవిల్ డిసౌజా ఆ మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా మీద హ్యాట్రిక్ కొట్టాడయ్యా! పాకిస్తాన్ మీద, చైనీస్ తైపీ మీద కొట్టిన హ్యాట్రిక్‌లు దాని పక్కన ఎక్కడ ఆనతాయి?

వెనక్కి రావడం అంటారా, అది పొరపాటే. వీడ్కోలు ఒక్కసారే తీసుకోవాలి.

---

తొమ్మిదో నంబర్

బాబాయ్ గారూ, బలరామ్ గురించి మీరన్నది అక్షరాలా నిజం. అక్కడ మీతోనే ఉన్నాను. కానీ లెక్కలో మీకు కావాల్సిన వరుసలే చదివారు.

2008 నుంచి మొదలుపెడదాం. ఢిల్లీ అంబేద్కర్ స్టేడియంలో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) ఛాలెంజ్ కప్ ఫైనల్, తజికిస్తాన్ మీద 4-1, అందులో మూడు ఛెత్రివి. చిన్న కప్పే, కాదనను. కానీ అది గెలవబట్టే 2011 ఆసియా కప్‌కి వెళ్లాం. 1984 తర్వాత ఆ టోర్నీ గడప తొక్కడం అదే మొదలు. దోహాలో మూడు మ్యాచ్‌లూ చిత్తుగా ఓడాం, ఓడుతూనే బహ్రెయిన్ మీద ఒకటి, దక్షిణ కొరియా మీద ఒకటి వేశాడు. 2019లో అబుదాబిలో థాయ్‌లాండ్ మీద 4-1. ఇతనివి రెండు. ఆసియా కప్‌లో 1964 తర్వాత మనం గెలిచిన మొదటి మ్యాచ్ అది. వీటిని చిన్న జట్ల ఖాతాలో ఎలా వేస్తారు?

క్లబ్ ఆట కూడా చూడండి. 2016లో ఆసియా క్లబ్బుల టోర్నీ ఏఎఫ్‌సీ కప్ సెమీఫైనల్, కంఠీరవ స్టేడియం. అవతల మలేసియా క్లబ్ జోహోర్, అంతకు ముందేడాది కప్పు ఎత్తిన జట్టు. ఛెత్రి క్లబ్ బెంగళూరు 3-1తో గెలిచింది, ఛెత్రివి రెండు. ఆ టోర్నీ ఫైనల్ చేరిన మొదటి భారతీయ క్లబ్ అదే.

డిసౌజా హ్యాట్రిక్ గొప్పదే. అయితే మెల్‌బోర్న్‌లో చాలా దేశాలు తప్పుకుంటే మొత్తం 11 జట్లే ఆడాయి. మొదటి రౌండ్‌లో హంగరీ రాకపోవడంతో మనకి వాకోవర్ దొరికింది, ఆస్ట్రేలియాని ఓడించి నేరుగా సెమీస్‌లో పడ్డాం. అందుకని ఆ తరాన్ని తగ్గించాలా? అక్కర్లేదు. ఎదురొచ్చినవాళ్ల మీద ఆడారు, గెలిచారు. ఛెత్రికి కూడా అదే న్యాయం చేయండి అంటున్నా. ఎదురుగా ఎవరుండాలో స్ట్రైకర్ నిర్ణయించడు కదా.

ఆట ఎలా ఉండేదో ఒక్క గోల్ చెప్తాను. 2018 ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఫైనల్, ముంబై అంధేరి, అవతల కెన్యా. అప్పటికే ఒకటి వేశాడు. వెనక నుంచి మన డిఫెండర్ అనస్ ఎత్తి ఒక పొడుగు బంతి వేశాడు. ఛెత్రి డిఫెండర్ భుజం చాటు నుంచి బయటికి జారాడు. బంతిని ఛాతీ మీద దించుకున్నాడు, ఆ దించుకోవడంలోనే డిఫెండర్ వెనకబడిపోయాడు. కీపర్ ముందుకొచ్చేలోపు ఎడమకాలితో కొట్టేశాడు. కుడికాలి ఆటగాడు! 64వ గోల్ అది. ఎత్తు చూస్తే డిఫెండర్ల కన్నా పొట్టి, మహా వేగం కూడా లేదు. అయినా తలతో అన్ని గోల్స్ ఎలా వేశాడంటే, బంతి బయల్దేరకముందే తను బయల్దేరతాడు. ఎప్పుడైనా పాత మ్యాచ్ పెట్టుకుని బంతిని వదిలేసి అతన్ని మాత్రమే చూడండి. క్రాస్ వేసేవాడు తలెత్తే క్షణానికి ఇతను డిఫెండర్ వీపు వెనక ఉంటాడు.

అదే టోర్నీలో తైపీ మీద మీరన్న హ్యాట్రిక్ కొట్టిన రోజు స్టాండ్స్‌లో రెండున్నర వేల మంది. మమ్మల్ని తిట్టాలనుంటే స్టేడియానికి వచ్చి మా మొహం మీదే తిట్టండి అని వీడియోలో బతిమాలుకున్నాడు. తర్వాతి మ్యాచ్ టికెట్లు మొత్తం అమ్ముడుపోయాయి. 95 గోల్స్ కొట్టబోయే మనిషి జనాన్ని అడుక్కోవాల్సిన పరిస్థితి, అదీ మన ఫుట్‌బాల్.

ఇక వెనక్కి రావడం. ఇక్కడ అందరూ ఛెత్రిని నిలదీస్తున్నారు, నిలదీయాల్సింది వేరేవాళ్లని. 2024లో భారత్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఏడాది మొత్తం మీద ఒక్కటి కూడా. ఇతను వెళ్లిపోయాక గోల్ కొట్టేవాడే కరువయ్యాడు. అదే సమయంలో 2024-25 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో ఛెత్రి 14 గోల్స్ వేశాడు, భారతీయుల్లో అందరికన్నా ఎక్కువ. డిసెంబర్‌లో కేరళ బ్లాస్టర్స్ మీద హ్యాట్రిక్ కూడా ఉంది. కోచ్ కుర్చీలో మీరుంటే ఎవరికి ఫోన్ చేస్తారు? చేశాక వచ్చిన మొదటి మ్యాచ్‌లోనే, 2023 నవంబర్ తర్వాత మనకి మొదటి గెలుపు. ఇల్లు కారుతోందని పాత గొడుగుని తిడితే ఎలా?

అసలు ఈ కరువు ఎందుకొచ్చింది? ఐఎస్‌ఎల్ మొదలైనప్పుడు మైదానంలో ఆరుగురు విదేశీయులు ఉండొచ్చు. 2017లో ఐదుకి, 2021లో నాలుగుకి తగ్గించారు. సంఖ్య తగ్గినా క్లబ్బులు ఆ చోట్లని ఎక్కడ వాడుకుంటాయి? వెన్నెముకలో: సెంటర్ బ్యాక్, మిడ్‌ఫీల్డ్, ముఖ్యంగా సెంటర్ ఫార్వర్డ్. కోరో, ఒగ్బెచె, రాయ్ కృష్ణ, ఇలా గోల్స్ వేసేది వాళ్లు. మన కుర్రాడు ఎంత చురుకైనవాడైనా వింగ్‌లోకి నెడతారు. చాంగ్తే, లిస్టన్, ఉదాంత ఎవర్ని చూసినా అదే కథ. ఛెత్రి అంతటివాడే బెంగళూరులో విదేశీ స్ట్రైకర్ మికు ఉన్నన్నాళ్లూ ఎడమ పక్క నుంచే ఎక్కువ ఆడాడు. అక్కడి నుంచి కూడా 2017-18లో 14 వేశాడు, అది వేరే సంగతి. వారం వారం వింగ్‌లో ఆడి, దేశం కోసం మాత్రం ఉన్నట్టుండి తొమ్మిదో నంబర్, అంటే సెంటర్ ఫార్వర్డ్, ఆడమంటే ఆ కుర్రాడు ఏం చేస్తాడు పాపం?

మరి ఛెత్రి తప్పే లేదా అంటే ఉంది. మీరన్న ఆ 2024 ఆసియా కప్‌కి 39 ఏళ్ల వయసులో ముందు వరుస బరువంతా తనే మోశాడు. ప్రత్యర్థి కీపర్‌కి ఒత్తిడే లేదు. ఉజ్బెక్ డిఫెండర్లు తాపీగా బంతి తిప్పుకుంటుంటే చూడలేకపోయాను. అప్పుడే తను పక్కకు జరిగి ఇంకొకరికి చోటిచ్చుంటే బాగుండేది. పేరుకి మచ్చ అంటూ ఉంటే అది ఆ జనవరిలో పడింది. 2025 రాక దానికి కారణం కాదు.

---

పసుపు గోడ

బ్లాస్టర్స్ అభిమానిని, కాబట్టి నేనేం రాస్తానో మీకు ముందే తెలుసు. 2023 మార్చి 3, బెంగళూరుతో ఐఎస్‌ఎల్ ప్లేఆఫ్, ఎక్స్‌ట్రా టైమ్, 96వ నిమిషం. ఫ్రీకిక్‌కి అడ్డంగా మా ఆటగాళ్ల గోడ ఇంకా నిలబడలేదు, కీపర్ గిల్ ముందుకొచ్చి సర్దుతున్నాడు, ఛెత్రి ఫ్రీకిక్ గోల్‌లోకి వేసేశాడు. మా కోచ్ జట్టుని మైదానం బయటికి తీసుకెళ్లిపోయాడు. ఆయనకి పది మ్యాచ్‌ల నిషేధం, క్లబ్‌కి నాలుగు కోట్ల జరిమానా పడింది. ఛెత్రికి గోల్ దక్కింది, సెమీస్ దక్కింది. ఇంత పెద్దమనిషి అంటారు కదా, అది పెద్దమనిషి చేసే పనా?

---

తొమ్మిదో నంబర్

@పసుపు గోడ: తమ్ముడూ, రిఫరీ విజిల్‌తోనే వేయమని ఆపితే తప్ప ఫ్రీకిక్ వెంటనే తీసుకోవచ్చు. గోడ కట్టుకునేదాకా ఆగాలని రూల్ ఎక్కడా లేదు. రిఫరీ ఆపాడా లేదా అన్నదే మీ తగవు, అది రిఫరీతో పెట్టుకోవాలి. మీరు నిద్రపోయారు, 38 ఏళ్ల మనిషి మేలుకుని ఉన్నాడు. స్ట్రైకర్‌లో నాకు నచ్చేదే ఆ దొంగబుద్ధి. పెద్దమనిషి తరహా కావాలంటే మిడ్‌ఫీల్డ్‌లో వెతుక్కోండి.

---

పసుపు గోడ

బాగుంది, మీ కీపర్ అలా నిలబడి ఉన్న రోజు మళ్లీ మాట్లాడుకుందాం.

---

కార్నర్ జెండా

@తొమ్మిదో నంబర్ అన్నా, గ్రూపులో చెప్పాల్సింది దొరికింది. జోహోర్ మ్యాచ్ నేను చూడనే లేదు, ఈ రాత్రికి అదే పని. ఒక్కటి అడుగుతాను. భూటియాతో పోలిస్తే? మా వాళ్లలో పెద్దవాళ్లంతా భూటియా అంటే ప్రాణం పెడతారు. 1997 ఫెడరేషన్ కప్ సెమీస్‌లో మోహన్ బగాన్ మీద హ్యాట్రిక్ అనగానే ఇక వినరు.

---

తొమ్మిదో నంబర్

వినకపోవడంలో ఆశ్చర్యం లేదు. సాల్ట్ లేక్‌లో లక్షా ముప్ఫై వేల మంది ముందు కొట్టిన హ్యాట్రిక్ అది. దారి వేసింది భూటియా. ఇంగ్లండ్‌లో బరీ క్లబ్‌తో 1999లోనే ఒప్పందం చేసుకున్నాడు. తలుపు తట్టే ధైర్యం ఆయన ఇచ్చిందే. పెద్ద మ్యాచ్ ఒక్కటే ఉంది, ఇద్దరిలో ఒకర్ని ఎంచుకో అంటే భూటియాని ఆడిస్తాను. ఏళ్ల తరబడి సాగే క్వాలిఫయర్లు ఆడాలంటే ఛెత్రి. ఇద్దర్నీ కలిపి ఆడించిన రోజులు మనకి కొన్ని దొరికాయి, చాలామందికి అవి గుర్తే లేవు. ఆ 2008 ఛాలెంజ్ కప్‌లో కెప్టెన్ భూటియానే.

మరో పాత స్ట్రైకర్ విజయన్ అభిమానులు ఇంకా ఎవరూ రాలేదు, వస్తే ఈ మాటకి నన్ను బతకనివ్వరు.

---

ఆఫ్‌సైడ్ బాబాయ్

గొడుగు సంగతి బాగానే చెప్పావు, విదేశీ స్ట్రైకర్ల గురించి అన్నదాంట్లో నాకు తేడా లేదు. ఐఎస్‌ఎల్‌కి ముందటి ఐ-లీగ్ రోజుల్లోనూ గోల్స్ విదేశీయులు రాంటీ మార్టిన్స్, ఒడాఫాలవే, ఈ జబ్బు ఐఎస్‌ఎల్‌తో మొదలవలేదని మాత్రం రాసుకో. కానీ వీడ్కోలు ఒక్కసారే అన్న మాట మీద నేనింకా అక్కడే ఉన్నాను.

సరే, ఒక పని చేద్దాం. 95 గోల్సూ ముందేసుకుని, నిజంగా బరువున్నవి ఏవో నా జాబితా నేను పెడతాను, నీది నువ్వు పెట్టు. పెనాల్టీలు వేరే వరుసలో. థాయ్‌లాండ్ మీద వేసిన రెండింట్లో ఒకటి పెనాల్టీయే, మర్చిపోకు.