పేర్లు కాళ్ళ కింద ఉండొచ్చా? జర్మనీ ఇత్తడి రాళ్ళ మీద ఒక చర్చ

మ్యూజియం_మనిషి:
జర్మనీలో ఉండేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారని అడుగుతున్నాను. నేను హైదరాబాద్‌లో మ్యూజియం పని చేస్తాను. కొన్ని దేశాల నుంచి స్మారకాల పని చేసేవాళ్ళం కలిసి వారం రోజులు జర్మనీలో తిరిగి, ఒకరి పద్ధతులు ఒకరం తెలుసుకుని వచ్చాం. అక్కడ మొదలైన వాదన నాలో ఇంకా తెగలేదు.

కొలోన్‌లో ఫుట్‌పాత్ మీద నడుస్తుంటే నా కాలు ఒక ఇత్తడి రేకు మీద పడింది. చూస్తే మనిషి పేరు. నా చెయ్యి దానంతటదే కిందికి వెళ్ళి, దాన్ని తాకి, కళ్ళకద్దుకుంది. పక్కనున్న పోలండ్ ఆవిడ ఎందుకలా చేశావని అడిగింది. పుస్తకానికి కాలు తగిలినా కళ్ళకద్దుకుంటాం, ఇది చంపబడ్డ మనిషి పేరు కదా అన్నాను.

తెలియనివాళ్ళ కోసం: వీటిని ష్టోల్పర్‌ష్టైన్ అంటారు, అంటే కాలికి తగిలే రాయి. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1992లో కొలోన్‌లో మొదటిది పెట్టాడు. నాజీల చేతిలో బలైనవాళ్ళు తమ ఇష్టంతో చివరిగా ఉన్న ఇంటి ముందు, పది సెంటీమీటర్ల చదరపు రాయి. దాని మీద ‘ఇక్కడ నివసించారు’ అని రాసి పేరు, పుట్టిన ఏడు, ఎక్కడికి తరలించారు, ఏమయ్యారు. 2023కి లక్ష రాళ్ళు దాటాయి.

ఉద్దేశం గొప్పదే. కానీ నేల మీద పెట్టడం నాకు మింగుడుపడలేదు. మీరేమంటారు?

ఇసార్_ఒడ్డు:
మీరన్నది మా మ్యూనిక్ నగరం ఎప్పుడో అన్నదే. 2004లో నగర కౌన్సిల్ ఇక్కడి ప్రభుత్వ స్థలాల్లో ఈ రాళ్ళు వద్దంది, 2015లో మళ్ళీ అదే మాట మీద నిలబడింది. గట్టిగా వ్యతిరేకించింది ఇక్కడి యూదు సమాజం అధ్యక్షురాలు షార్లొట్టె నోబ్లోఖ్. ఆవిడ 1932లో ఈ ఊళ్ళోనే పుట్టి, పల్లెలో ఒక క్యాథలిక్ కుటుంబం దాచిపెడితే బతికారు. బలైనవాళ్ళ పేర్లను మళ్ళీ తొక్కనివ్వకూడదన్నది ఆవిడ బాధ. ఆ మాట అనే హక్కు ఆవిడకి కాక ఇంకెవరికి ఉంది?

2018 నుంచి ఇక్కడ గోడలకి పలకలు, లేదంటే వీధిలో నిలువు స్తంభాలు పెడుతున్నారు. పేరు కంటికి ఎదురుగా ఉంటుంది, కొన్నిటి మీద ఫోటో కూడా. నాకు ఇదే సరైనదనిపిస్తుంది.

బెర్లిన్_పక్కింటి:
ఇసార్ గారూ, సగమే చెప్పారు. 2004లోనే మ్యూనిక్‌లో జోర్డాన్ దంపతుల పేరిట రెండు రాళ్ళు పెట్టారు. ఇంగ్లండ్‌లో ఉన్న వాళ్ళ కొడుకే కోరి పెట్టించుకున్నాడు. నగరం వాటిని తవ్వి తీసేసింది. కన్నకొడుకు కోరికకి విలువ లేదా?

గోడ పలక గురించి ఇంకో మాట. గోడకి కొట్టాలంటే ఇంటి యజమాని ఒప్పుకోవాలి. ఆ ఇల్లు తర్వాత ఎవరి చేతికి వచ్చిందో, ఎలా వచ్చిందో ఆలోచించండి. ఫుట్‌పాత్ మీది రాయికి ఆ అనుమతి అక్కర్లేదు. నాకు దీని బలమంతా అక్కడే కనిపిస్తుంది.

1938లో యూదుల మీద దాడులు జరిగిన రోజని, ఏటా నవంబర్ 9న మా వీధివాళ్ళం ఈ రాళ్ళు తోముతాం. ఇత్తడి నల్లబడుతుంది కదా, అమ్మ చెంబులు తోమినట్టే మోకాళ్ళ మీద కూర్చుని తోమాలి. తోమకపోయినా, చదవాలంటే వంగాలి. తల వంచడమే కదండీ అది? తొక్కడం ఒక్కటే చూడకండి.

మా వీధిలో ఒక రాయి యూదు డాక్టరుది, పక్క వీధిలో ఒకటి మానసిక వైద్యశాల నుంచి తీసుకెళ్ళి చంపిన అమ్మాయిది. జిప్సీలని పిలిచే రొమా, సింతీ వాళ్ళకి, స్వలింగ సంపర్కులకి, యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖవాళ్ళకి, అందరికీ అదే కొలత రాయి. బెర్లిన్ నడిబొడ్డున పెద్ద స్మారకాలు మాత్రం విడివిడిగా వచ్చాయి: యూదులకి 2005లో, స్వలింగ సంపర్కులకి 2008లో, రొమా, సింతీలకి 2012లో, వైద్యం పేరుతో చంపబడ్డవాళ్ళకి 2014లో. చివరివాళ్ళ కుటుంబాలు ఎంతకాలం ఎదురుచూశాయో చూడండి. ఫుట్‌పాత్ మీద ఆ వరస లేదు.

ఇసార్_ఒడ్డు:
కొడుకు విషయంలో మీరన్నది నిజం, అది నాకూ బాధే. కానీ ఒక కుటుంబం కావాలంటే, ఇంకో కుటుంబం వద్దంటే? అందుకే ఊరంతటికీ ఒకే పద్ధతి రుద్దకూడదంటాను. అడగడానికి ఎవరూ మిగలని ఇళ్ళు కూడా ఉన్నాయి, వాటి సంగతి నాకూ తెలియడం లేదు.

చీరాల_నుంచి:
నేలా గోడా అని మీరు వాదిస్తుంటే నాకు ‘ఇక్కడ నివసించారు’ అన్న మాట దగ్గరే ఆగిపోవాలనిపించింది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. మిగిలిన కుటుంబాలు ఊరొదిలి చీరాల వచ్చేశాయి. వాళ్ళ స్మారకం చీరాల విజయనగర్ కాలనీలో ఉంది, కారంచేడులో కాదు. ఏటా ఆ రోజున జనం అక్కడికే వస్తారు. చుండూరులో 1991లో చంపబడ్డ దళితుల్ని ఊళ్ళోనే పాతిపెట్టారు, ఆ చోటుని రక్తక్షేత్రం అంటారు. ఆ దారిన పోయే ప్రతివాడూ దాన్ని చూడక తప్పదు. ఈ రెండిటికీ ఎంత తేడా ఉందో నాకు తెలుసు. చంపబడ్డవాళ్ళ పేరు వాళ్ళ కుటుంబాలు పారిపోయి చేరిన చోట ఉంటే అది వాళ్ళవాళ్ళకి ఓదార్పు. వాళ్ళని తరిమిన వీధిలో ఉంటే ఆ వీధికే ప్రశ్న.

మ్యూజియం_మనిషి:
చీరాల గారూ, మీ మాట చదివి చాలాసేపు ఊరుకుండిపోయాను. నేను కాలి గురించే ఆలోచించాను, గడప గురించి ఆలోచించలేదు. నేల మీద పెట్టడం ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంది, ఈసారి వెళ్ళినా కళ్ళకద్దుకుంటాను. కానీ రాయా పలకా అన్నది కుటుంబం చెప్పాలి, అది ఆ ఇంటి ముందే ఉండాలన్నది మాత్రం వదులుకోలేను. కుటుంబమే మిగలకపోతే ఆ వీధివాళ్ళు పూనుకోవాలి.

జులై 17న నేను చీరాల రావచ్చా? కాలనీలో పెద్దవాళ్ళు ఒప్పుకుంటే, ఆ పేర్లు కారంచేడులో ఎక్కడ ఉండాలని వాళ్ళ కోరికో వాళ్ళనే అడిగి రాసుకుంటాను.

చీరాల_నుంచి:
రండి. ముందురోజు సాయంత్రానికే వచ్చేయండి. ఆరోజు పొద్దున్నుంచే మీటింగులు, పాటలు ఉంటాయి, పెద్దవాళ్ళతో కూర్చుని మాట్లాడే తీరిక దొరకదు.