పెప్పర్డ్ మాత్ (మచ్చల చిమ్మట) ప్రయోగాన్ని పాఠాల్లోంచి తీసేయాలా?

సత్యశోధి: ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీల మసికి చెట్లు నల్లబడ్డాయని, మచ్చల చిమ్మటలు పక్షుల కంటబడితే నల్లవి బతికిపోయాయని, ప్రకృతివరణం అంటే ఇదేనని పాఠం. దీనికి ఆధారంగా శాస్త్రవేత్త బెర్నార్డ్ కెటిల్‌వెల్ 1953 ప్రయోగాన్ని చూపిస్తారు. ఆయన చిమ్మటల్ని పట్టపగలు తనే మానుల మీద వదిలాడు. అవి అసలు మానుల మీద వాలనే వాలవట. కొన్ని పుస్తకాల ఫొటోలైతే చచ్చిన పురుగుల్ని బెరడు మీద పెట్టి తీసినవి. దీన్ని ఇంకా రుజువు అనడం తప్పు.

రెక్కలపురుగు: ఫొటోల సంగతి ఒప్పుకుంటానండీ. ప్రయోగం మాత్రం ఫొటో కాదు. పక్షికి కనబడకుండా రెక్క అడుగున రంగుచుక్క పెట్టి వదిలి, రాత్రి దీపపు వలలతోనూ ఆడ చిమ్మటల ఎరతోనూ తిరిగి పట్టారు. మసి పట్టిన బర్మింగ్‌హామ్ అడవిలో 447 నల్లవాటిలో 123, మచ్చలవి 137లో 18 దొరికాయి. మసి లేని డోర్సెట్‌లో 1955లో లెక్క తిరగబడింది: మచ్చలవి 496కు 62, నల్లవి 473కు 30. లోపం రెండుచోట్లా ఒకటే. ఫలితం ఆ లోపం వల్లే వచ్చుంటే డోర్సెట్‌లో ఎందుకు తిరగబడుతుంది?

సత్యశోధి: దిశ సరే, మోతాదు మాటేమిటి? ఒకేచోట అన్ని పురుగులు వదిలితే పక్షులు ఆ తిండికి మరిగిపోతాయి. అప్పుడు నష్టం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

గణాంకం: ఈ అభ్యంతరం గట్టిది. జన్యుశాస్త్రవేత్త మైకేల్ మజెరస్ మళ్లీ ప్రయోగం చేసింది అందుకే. కేంబ్రిడ్జ్‌లో 2007 దాకా ఆరేళ్లపాటు 4,864 చిమ్మటల్ని పలచగా వదిలాడు. రాత్రి కొమ్మకు వలతొడుగు కట్టి, అందులో వాటికి నచ్చినచోట వాలనిచ్చి, తెల్లారకముందే తొడుగు తీసేసేవాడు. సూర్యోదయమైన నాలుగు గంటలకు మళ్లీ వచ్చి ఏవి మాయమయ్యాయో చూసేవాడు. అప్పటికి అక్కడి గాలి శుభ్రపడింది కాబట్టి నష్టం నల్లవాటికే: అవి బతికి ఉండే అవకాశం మచ్చలవాటికంటే రోజుకు సుమారు 9 శాతం తక్కువ. ఆయన 2009లో పోయాక సహశాస్త్రవేత్తలు 2012లో ఈ లెక్కలు ప్రచురించారు.

ఇంకోటి, "మానుల మీద వాలవు" అన్నది కూడా నిజం కాదండీ. సహజంగా వాలి ఉండగా ఆయన చూసిన 135లో 48 మానుల మీదే ఉన్నాయి, సగానికి పైగా పక్కకొమ్మల మీద.

సత్యశోధి: ఆ 48 సంగతి నాకు తెలియదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ప్రయోగాన్ని తీసేయమనను. బర్మింగ్‌హామ్ అంకెలొక్కటే వేసి డోర్సెట్‌ను వదిలేసే పాఠాన్ని మాత్రం ఒప్పుకోను.

రెక్కలపురుగు: అందులో మీతోనే ఉన్నానండీ. ఫొటో కింద కూడా "అమర్చి తీసినది" అని వేయాలి.